తాజా పండ్లకు చాక్లెట్ పూత: డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబరు చివరి వారం

తాజా పండ్లను కరిగించిన చాక్లెట్‌లో ముంచి, ఆ పూత గది వాతావరణంలోనే గట్టిపడి, నిగనిగలాడుతూ, కొరికినప్పుడు టప్పున విరిగేలా చేయడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. వినడానికి ఇది రెండే రెండు వస్తువుల మిఠాయి. పొయ్యి మీద పెట్టవలసింది కూడా గిన్నెడు నీళ్లే. అయితే పండులో నూటికి డెబ్బై అయిదు నుంచి తొంభై పాళ్ల దాకా నీరే ఉంటుంది. చాక్లెట్‌లో నీరు దాదాపు ఉండదు, ఉండకూడదు కూడా. ఒకదానికొకటి పొసగని ఈ రెండింటినీ కనీసం ఒక పూట పాటు కలిపి ఉంచగలగడమే ఇందులోని అసలు పని.

పనికి హైదరాబాదు చలికాలాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. చాక్లెట్ సరిగా గట్టిపడాలంటే గది ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య, గాలిలో తేమ తక్కువగా ఉండాలి. మా వంటింట్లో డిసెంబరు, జనవరి నెలల ఉదయపు వేళల్లో ఈ రెండూ ఏసీ అవసరం లేకుండానే దొరుకుతాయి. స్ట్రాబెర్రీలు బజారుకు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. మనకు వచ్చే స్ట్రాబెర్రీలో అధిక భాగం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండల నుంచి వస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి చుట్టుపక్కల కూడా కొందరు రైతులు పండిస్తున్నారు.

మొదటి నిర్ణయం చాక్లెట్ గురించి. బేకరీ సామాను దుకాణాల్లో చవకగా దొరికే పలకల్లో ఎక్కువ భాగం కాంపౌండ్ చాక్లెట్. అందులో కోకో పొడి ఉంటుంది కానీ, కోకో బటర్, అంటే కోకో గింజల్లోని సహజమైన కొవ్వు, ఉండవలసిన స్థానంలో హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (వనస్పతి లాంటి కొవ్వు) ఉంటుంది. పొట్లం వెనుక పదార్థాల జాబితా చదివితే ఈ సంగతి వెంటనే తెలిసిపోతుంది. కాంపౌండ్‌ను కేవలం కరిగించి ముంచితే చాలు, దానంతట అదే గట్టిపడుతుంది, వేసవిలోనూ నిలబడుతుంది. కాని నోట్లో పెట్టుకున్నప్పుడు అది పూర్తిగా కరగక అంగిలికి మైనంలా ఒక పొర అంటుకుంటుంది. తాజా పండులోని పులుపు, సువాసన ఆ పొర కింద అణగిపోతాయి. కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర, అంటే మన నోటి వేడికి కొంచెం దిగువన, పూర్తిగా కరిగిపోతుంది కాబట్టి చాక్లెట్ కరిగిన మరుక్షణమే పండు రుచి నాలుకకు అందుతుంది. పండు కోసం చేసే మిఠాయిలో పండు రుచే తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఖర్చు ఎక్కువైనా, శ్రమ ఎక్కువైనా, కోకో బటర్ ఉన్న చాక్లెట్‌తోనే ఈ ప్రాజెక్టు అంతా చేయాలని నిశ్చయించుకున్నాను.

ముంచే పనికి కూవర్చర్ అనే రకం మేలు. ఇందులో కోకో బటర్ కనీసం 31 శాతం ఉంటుంది కాబట్టి కరిగించినప్పుడు పలచగా జారుతుంది, పూత సన్నగా వస్తుంది. మామూలుగా తినే చాక్లెట్ బార్ కరిగిస్తే చిక్కగా ఉండి పండు మీద లావుగా పేరుకుంటుంది. నేను 55 శాతం కోకో ఉన్న డార్క్ కూవర్చర్‌ను ఎంచుకున్నాను. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశ్‌దే ముందు స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో దీన్ని అంతర పంటగా వేస్తారు. ఆ గింజలతో మన దగ్గరే చాక్లెట్ తయారవుతున్న ఈ రోజుల్లో, పండూ చాక్లెట్ రెండూ తెలుగు నేల నుంచే వచ్చిన పళ్లెం ఒకటి సిద్ధం చేయవచ్చునన్న ఆలోచన నాకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది.

సామాను కోసం బేగం బజారుకు వెళ్లి, మొన ఉన్న డిజిటల్ థర్మామీటరు, మందపాటి గాజు గిన్నె, సిలికాన్ గరిటె, బటర్ పేపర్ తెచ్చుకున్నాను. వీటిలో దేన్ని మానుకున్నా థర్మామీటరును మాత్రం మానుకోవడానికి వీల్లేదు. పాకం తీగ పడిందో లేదో వేళ్ల మధ్య చూసి చెప్పగలిగే చేతులకు కూడా 31 డిగ్రీలకూ 34 డిగ్రీలకూ మధ్య తేడా స్పర్శతో అందదు. చాక్లెట్ భవితవ్యం అంతా ఆ మూడు డిగ్రీల్లోనే ఉంది.

జనవరి మొదటి వారం

పండు జోలికి వెళ్లకుండా ఈ వారమంతా చాక్లెట్‌తోనే గడిపాను.

కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. వాటిలో మనకు కావలసింది అయిదో రకం ఒక్కటే. నిగారింపు, విరుపు, చేతికి అంటకపోవడం అన్నీ దానివల్ల వచ్చే గుణాలే. మొదటి నాలుగు రకాలు తక్కువ వేడికే కరుగుతాయి, మెత్తగా ఉంటాయి, కాలం గడిచే కొద్దీ మారిపోతుంటాయి. ఆరో రకం చాలా కాలం నిల్వ ఉన్న చాక్లెట్‌లో నెమ్మదిగా ఏర్పడి పైకి తెల్లటి పూతలా కనిపిస్తుంది. చాక్లెట్‌ను కరిగించినప్పుడు పాత స్ఫటికాలన్నీ చెదిరిపోతాయి. చల్లారేటప్పుడు అయిదో రకం మాత్రమే మళ్లీ ఏర్పడేలా చూడటాన్నే టెంపరింగ్ అంటారు.

పాలరాతి బల్ల మీద చాక్లెట్ పరిచి కలియదిప్పే పద్ధతి ఒకటి ఉన్నా, ఇంటి వంటగదికి అనువైనది విత్తన పద్ధతి. 300 గ్రాముల చాక్లెట్‌ను సన్నగా తరిగి, 200 గ్రాములను గాజు గిన్నెలో వేసి, సన్నని సెగ మీద నీళ్లు కాగుతున్న గిన్నెపై ఉంచాను. నీళ్లు గాజు గిన్నె అడుగును తాకకూడదు, ఆవిరి పక్కల నుంచి పైకి ఎగదన్నకూడదు. 46 డిగ్రీలు రాగానే కిందికి దించి, గిన్నె అడుగును పొడి గుడ్డతో తుడిచాను. డార్క్ చాక్లెట్‌ను 50 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచిది. పాలపొడి ఉన్న మిల్క్, వైట్ చాక్లెట్లు అంతకంటే తక్కువ వేడికే పాడవుతాయి కాబట్టి వాటికి 45 డిగ్రీలే హద్దు. తరువాత మిగిలిన 100 గ్రాముల తరుగును గుప్పెడు గుప్పెడుగా వేస్తూ ఆపకుండా కలిపాను. దుకాణం నుంచి వచ్చిన గట్టి చాక్లెట్‌లో అయిదో రకం స్ఫటికాలు అప్పటికే ఉంటాయి. పాలల్లో వేసిన తోడు మాదిరిగా ఈ తరుగు కరిగిన చాక్లెట్ మొత్తాన్ని తన గుణంలోకి తిప్పుకుంటుంది. ఉష్ణోగ్రత 32కి దిగి, గరిటె నుంచి జారే ధార కొద్దిగా చిక్కబడి, పైన మెరుపు కనిపించినప్పుడు కలపడం ఆపాను. డార్క్ చాక్లెట్ ముంచడానికి 31, 32 డిగ్రీలు సరైన స్థితి. మిల్క్ చాక్లెట్‌కు 29, 30. వైట్ చాక్లెట్‌కు 28, 29.

కుదిరిందో లేదో తెలుసుకునే పరీక్ష సులువు. చాకు కొనను చాక్లెట్‌లో ముంచి బల్ల మీద పెట్టాలి. అయిదు నిమిషాల లోపు గట్టిపడి, వేలితో తాకితే మరక పడకుండా, సమంగా మెరిస్తే కుదిరినట్టు. పోల్చి చూడటానికి, కొంత చాక్లెట్‌ను విత్తనం వేయకుండా కేవలం కరిగించి పక్కనే మరో కాగితం మీద పూశాను. అది చాలాసేపు జిగటగానే ఉండిపోయి, మర్నాటికి గట్టిపడినా బూడిదరంగు చారలతో కనిపించింది, విరిస్తే శబ్దం లేకుండా వంగినట్టు తెగింది. ఒకే పలక నుంచి వచ్చిన చాక్లెట్ రెండు వేర్వేరు పదార్థాల్లా ప్రవర్తించడం చూసిన తరువాత, థర్మామీటరు వైపు చూడకుండా గరిటె తిప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

చాక్లెట్ ఎంత తక్కువగా ఉంటే అంత తొందరగా చల్లారిపోతుంది. 100 గ్రాములతో పని చేస్తే మూడు పండ్లు ముంచేలోగా 29కి పడిపోయి ముద్దగా మారుతుంది. 300 గ్రాములకు తగ్గకుండా కరిగించి, మిగిలినదాన్ని దాచుకోవడమే నయం. మధ్యలో చిక్కబడితే గిన్నె బయటి వైపు హెయిర్ డ్రయర్ వేడి గాలిని కొద్ది క్షణాలు తగిలించి కలిపితే సరిపోతుంది. మళ్లీ నీళ్ల గిన్నె మీద పెడితే వేడి సులభంగా 34 దాటిపోయి స్ఫటికాలు చెదిరిపోతాయి.

జనవరి రెండో వారం

నీటి గురించి కొన్ని పరీక్షలు చేశాను. టెంపరింగ్ చేసిన చాక్లెట్‌ను ఒక చిన్న గిన్నెలోకి రెండు చెంచాలు తీసుకుని, అందులో వేలి కొనతో రెండు చుక్కల నీళ్లు వేసి కలిపాను. చూస్తుండగానే అది బిగుసుకుపోయి మట్టి పెళ్లలా తయారైంది. చాక్లెట్‌లో ఉన్న చక్కెర రేణువుల చుట్టూ కోకో బటర్ పట్టి ఉన్నంత వరకు అవి ఒకదాని పక్కన ఒకటి జారుతుంటాయి. కొద్దిపాటి నీరు చేరితే ఆ రేణువుల పైభాగం తడిసి, అవి ఒకదానికొకటి అతుక్కుని గట్టి ముద్ద కడతాయి. విశేషమేమిటంటే, అదే గిన్నెలో మరికొన్ని చెంచాల వేడి పాలు పోసి కలిపితే అది మళ్లీ వదులై నున్నటి చిక్కని సాస్‌గా మారింది. నీరు చాలినంత ఉంటే చక్కెర కరిగిపోతుంది కాబట్టి అతుకు వీడిపోతుంది. ముంచడానికి అది ఇక పనికిరాదు కానీ, పాలల్లో కలుపుకుని తాగడానికి శ్రేష్ఠంగా ఉంటుంది. బిగుసుకున్న చాక్లెట్‌ను ఎవరూ పారవేయనక్కరలేదు.

కాబట్టి పండు మీద కంటికి కనిపించని తడి ఉన్నా రెండు నష్టాలు జరుగుతాయి. పూత పండుకు అంటుకోకుండా జారిపోతుంది, పండు నుంచి గిన్నెలోకి దిగిన తడి మిగతా చాక్లెట్‌ను చెడగొడుతుంది. ఈ మాట అమ్మతో చెబితే, ఆమెకు అందులో కొత్త ఏమీ కనిపించలేదు.

"ఆవకాయకు కాయలు తుడిచినట్టు తుడవాలి, అంతే కదా? కడిగిన కాయ కడిగినట్టు వేస్తే ఊరగాయ బూజు పడుతుంది, నీ చాక్లెట్ పెళ్ల కడుతుంది. పాత కాటన్ చీర ముక్క ఇస్తాను, ఆ కాగితాలు వదిలెయ్యి" అంది.

టిష్యూ పేపరు కంటే ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ నిజంగానే ఎక్కువ తడి పీల్చింది, పండు తోలును గీరలేదు. అప్పటి నుంచి మా పద్ధతి స్థిరపడింది: పండ్లను ముంచడానికి చాలా ముందుగా, తొడిమలు తీయకుండా, కడగాలి, ఒక్కొక్క పండును గుడ్డతో అద్ది తుడవాలి, తరువాత పొడి గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వాలి. స్ట్రాబెర్రీ ఆకుల కింద, పండు భుజం దగ్గర తడి దాక్కుంటుంది. ఆకులను వేలితో పైకెత్తి అక్కడ కూడా తుడవవలసిందే.

ఫ్రిజ్‌లోంచి తీసిన పండును వెంటనే ముంచకూడదన్న విషయం కూడా ఈ వారమే రూఢి అయింది. చల్లటి పండు మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. పైగా, చల్లగా ఉన్న పండు మీద గట్టిపడిన పూత, ఆ తరువాత పండు గది వేడికి వచ్చి కాస్త వ్యాకోచించినప్పుడు సన్నటి గీతలుగా చిట్లుతుంది. ఆ పగుళ్ల నుంచి రసం బయటికి వస్తుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చిన పండునే ముంచాలి.

సంక్రాంతి తరువాత

స్ట్రాబెర్రీలతో అసలు పని మొదలైంది. పండు ఎంపికకు కొంత శ్రద్ధ కావాలి. స్ట్రాబెర్రీ కోసిన తరువాత పండదు. భుజాల దగ్గర తెల్లగా ఉన్నది అలాగే పుల్లగా ఉండిపోతుంది. డబ్బా పైనుంచి కాక, తిప్పి అడుగు చూసి కొనాలి. అడుగున ఎర్రటి రసం మరక ఉంటే కింది పండ్లు నలిగాయని అర్థం. నలిగిన పండు పూత కింద నీరు కారుస్తుంది. మధ్యస్థ పరిమాణంలో, ఆకులు పచ్చగా, గట్టిగా ఉన్నవాటినే తెచ్చాను.

ముంచే తీరు చేతికి అలవాటు కావడానికి కొంత సాధన పట్టింది. ఆకులన్నింటినీ వెనక్కి మడిచి వేళ్లతో పట్టుకుని, పండును ఏటవాలుగా దించి, మణికట్టును నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ పూత పట్టించి, పైకి తీసి, రెండు మూడు సార్లు కిందికి అదిలించాలి. కారుతున్న చుక్కను గిన్నె అంచుకు ఒక వైపు మాత్రమే రాచి, ఆ రాచిన వైపే కిందికి వచ్చేలా బటర్ పేపర్ మీద పెట్టి, వేలెడు దూరం కూడా కాదు, ఒక గింజ పరిమాణమంత ముందుకు జరపాలి. ఈ చిన్న జరుపుతో అడుగున చాక్లెట్ మడుగు కట్టకుండా ఉంటుంది. పూతను ఆకుల దాకా తీసుకెళ్లకుండా, భుజం దగ్గర ఎర్రటి అంచు కనిపించేలా వదలడం నాకు నచ్చింది. అది అందానికి మాత్రమే కాదు: తినేవారికి లోపల ఏముందో తెలుస్తుంది.

పైన చల్లే పదార్థాల విషయంలో వ్యవధి చాలా తక్కువ. పూత మెరుపు తగ్గి మసకబారడానికి ముందు రెండు నిమిషాల్లో చల్లితేనే అంటుకుంటాయి. పిస్తా పలుకులు చూడటానికి బాగున్నాయి. రుచికి మాత్రం దోరగా వేయించిన నువ్వులు అన్నిటినీ మించాయి. నువ్వుల చిరుచేదు డార్క్ చాక్లెట్‌తో కలిసి, స్ట్రాబెర్రీ పులుపును ముందుకు తెచ్చింది. సంక్రాంతి అరిసెల కోసం వేయించి దాచిన నువ్వులే ఇందుకు ఉపయోగపడ్డాయి. రంగురంగుల చక్కెర పూసలను మాత్రం నేను సిఫారసు చేయను; పండు మీద అవి పళ్ల కింద ఇసుకలా తగులుతాయి.

గట్టిపడటానికి ఫ్రిజ్ అవసరం రాలేదు. వంటింట్లో ఉష్ణోగ్రత 21 ఉన్న ఉదయం, ఫ్యాను గాలి నేరుగా కాక పక్కగా తగిలేలా ఉంచితే, పది నిమిషాల్లో పండ్లు కాగితం నుంచి వాటంతట అవే విడివడ్డాయి. సరిగా టెంపరింగ్ చేసిన చాక్లెట్ గట్టిపడేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి కాగితానికి అంటుకోదు. అడుగు భాగం అద్దంలా ఉంది.

నిల్వ సంగతి పరీక్షించడానికి కొన్నింటిని చల్లని గదిలో, కొన్నింటిని ఫ్రిజ్‌లో మూత పెట్టిన డబ్బాలో ఉంచాను. గదిలోవి సాయంత్రం వరకు ఏ మార్పూ లేకుండా ఉన్నాయి. మర్నాటి ఉదయానికి ఆకుల కింద చెమట ముత్యాలు, పూత అంచు దగ్గర పండు మెత్తబడటం మొదలైంది. ఫ్రిజ్‌లోవి మర్నాటికి కూడా గట్టిగానే ఉన్నా, డబ్బా మూత తీసి బయట పెట్టగానే మంచు పట్టినట్టు తడిసిపోయాయి. ఆ తడి ఆరిన చోట చక్కెర పైకి తేలి గరుకైన తెల్లటి మచ్చలు మిగిలాయి. కోకో బటర్ వల్ల వచ్చే తెలుపు నున్నగా ఉండి వేలి వేడికి కరిగిపోతుంది, చక్కెర వల్ల వచ్చేది గరుకుగా ఉండి కరగదు. ఈ తేడాతో ఏ తప్పు వల్ల మచ్చ వచ్చిందో గుర్తు పట్టవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే, డబ్బాను మూత తీయకుండా బయట ఉంచి, లోపలివి గది వేడికి వచ్చాకే తెరవాలి. అప్పుడు తడి డబ్బా పైన పడుతుంది, పండు మీద పడదు. ఏమైనా, స్ట్రాబెర్రీని ఉదయం ముంచి సాయంత్రంలోగా వడ్డించడమే న్యాయం.

జనవరి చివర

మిగతా పండ్లను వరుసగా చూశాను.

ద్రాక్ష నా అంచనాను మించింది. తోలు తెగకుండా ఉన్నంత వరకు రసం బయటికి రాదు కాబట్టి పూత కింద పొడిగా ఉంటుంది, ఫ్రిజ్‌లో మరుసటి రోజు కూడా నిలుస్తుంది. అయితే ద్రాక్ష మీద సహజంగా ఉండే మైనపు పొడి వల్ల చాక్లెట్ జారుతుంది. గోరువెచ్చని నీటిలో కడిగి గట్టిగా తుడిస్తే ఆ సమస్య తీరుతుంది. గుత్తి నుంచి పీకకుండా, చిన్న కాడ మిగిలేలా కత్తిరించాలి. కాడ ఊడిన చోట తోలుకు రంధ్రం పడి రసం వస్తుంది.

కమలా తొనలకు ఓపిక కావాలి. నాగపూర్ సంత్రాలను ఒలిచి, పైనున్న తెల్లటి పీచును తీసేసి, తొన మీది పలుచటి పొర ఎక్కడా చిరగకుండా విడదీయాలి. ఒక్క చోట చిరిగినా ఆ తొనను పక్కన పెట్టి తినేయడమే. మంచి తొనలను బటర్ పేపర్ మీద ఫ్యాను కింద రెండు గంటలు ఉంచితే, పై పొర ఎండి కాగితంలా గరగరలాడుతుంది, లోపలి రసం అలాగే ఉంటుంది. సగం వరకు ముంచి, పైన ఒక్క రేణువు ఉప్పు వేశాను. కొరికినప్పుడు చాక్లెట్ విరిగి, పొర పగిలి, రసం ఒక్కసారిగా నోటినిండా వస్తుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే. స్ట్రాబెర్రీకి వచ్చిన పేరు నిజానికి కమలా తొనకు రావలసింది అని నా అభిప్రాయం.

దానిమ్మను ముంచడం అంటూ ఉండదు. గింజలను విడదీసి, గుడ్డ మీద పరిచి ఆరబెట్టి, టెంపరింగ్ చేసిన చాక్లెట్‌లో వేసి ఒక్కసారి కలిపి, చెంచాతో చిన్న చిన్న గుట్టలుగా కాగితం మీద పెట్టాను. ఒక్క పగిలిన గింజ ఉన్నా చాక్లెట్ బిగుసుకుంటుంది కాబట్టి ఏరడానికి తీరిక ఉన్న రోజే దీనికి పూనుకోవాలి.

కోసిన అనాస, బొప్పాయి, పుచ్చకాయ ముక్కలకు పూత నిలవదు. ఎంత తుడిచినా కోసిన ముఖం నుంచి రసం ఊరుతూనే ఉంటుంది. వాటి పక్కన చాక్లెట్ సాస్ గిన్నె పెట్టి, ఎవరి ముక్క వారు అద్దుకుని తినేలా వడ్డించడమే సరైన పద్ధతి. సీతాఫలం, సపోటాలను ప్రయత్నించనే లేదు. ఆ గుజ్జు ముంచడానికి పుట్టినది కాదు.

ఫిబ్రవరి రెండో వారం

మేనకోడలి పుట్టినరోజుకు పెద్ద పళ్లెం ఒకటి సిద్ధం చేశాను. ఉదయం ఆరున్నరకు చాక్లెట్ కరిగించడం మొదలుపెడితే, ఎండ వంటింట్లోకి రాకముందే పని ముగిసింది. వరుస క్రమం ముఖ్యం: తడి భయం తక్కువ ఉన్న ద్రాక్ష ముందు, తరువాత కమలా తొనలు, స్ట్రాబెర్రీలు చివర, అన్నిటికన్నా ఆఖరున దానిమ్మ గింజలు. గిన్నెలో మిగిలిన చాక్లెట్‌ను దానిమ్మకే వాడితే వృథా ఏమీ ఉండదు. 300 గ్రాముల చాక్లెట్‌కు ముప్ఫైకి పైగా మధ్యస్థ స్ట్రాబెర్రీలు సులభంగా వస్తాయి. కాని గిన్నెలో పండు మునిగేటంత లోతు చివరి దాకా ఉండాలంటే కొంత ఎక్కువే కరిగించాలి. వెడల్పు గిన్నె కంటే ఇరుకైన లోతు గిన్నె మేలు.

పిల్లల కోసం కొన్నింటిని మిల్క్ చాక్లెట్‌లో ముంచాను. తీపి మీద తీపి అయి పండు మరుగున పడుతుందేమో అన్న నా సందేహం ద్రాక్ష విషయంలో నిజమైంది. పుల్లటి స్ట్రాబెర్రీకి మాత్రం అది చక్కగా అమరింది. 70 శాతం డార్క్‌ను పెద్దలు మెచ్చుకున్నారు, పిల్లలు పక్కకు నెట్టారు. అందరికీ కలిపి ఒకటే చేయాలంటే 55 శాతానికి మించిన మధ్యేమార్గం నాకు కనిపించలేదు. చాక్లెట్‌లో సహజంగా ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్కలకు విషంతో సమానం కాబట్టి, పెంపుడు కుక్క ఉన్న ఇళ్లలో ఈ పళ్లేన్ని ఎత్తులో ఉంచడం మరువకూడదు.

మార్చి

ఎండలు ముదిరాయి. ఉదయం వేళ కూడా వంటింట్లో 28 డిగ్రీలు ఉన్నప్పుడు, టెంపరింగ్ ఎంత బాగా చేసినా పూత గట్టిపడటానికి చాలా సమయం పడుతోంది, మెరుపు సమంగా రావడం లేదు. గట్టిపడేటప్పుడు చాక్లెట్ తనలోని వేడిని బయటికి వదులుతుంది. చుట్టూ గాలి వెచ్చగా ఉంటే ఆ వేడికి పోయే దారి ఉండదు. ముంచిన పళ్లేన్ని ఫ్రిజ్‌లో పది నిమిషాలు మాత్రమే ఉంచి, వెంటనే ఏసీ గదిలోకి మార్చడం వల్ల ఫలితం కొంత మెరుగుపడింది.

చాక్లెట్‌లో చెంచాడు కొబ్బరి నూనె కలిపితే పని సులువవుతుందని చాలామంది సలహా ఇస్తారు. అది నిజమే, కాని దానికి తగ్గ చోటు వేరు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కోకో బటర్ స్ఫటికాలతో పొసగదు. రెండూ కలిస్తే వచ్చే కొవ్వు విడిగా ఉన్న కోకో బటర్ కంటే మెత్తగా ఉంటుంది. గది వాతావరణంలో వడ్డించే పండ్లకు ఆ పూత వేళ్లకు అంటుకుంటుంది. గడ్డకట్టిన పండ్లకు మాత్రం అదే గుణం వరంగా మారుతుందని ఏప్రిల్‌లో తెలిసింది.

ఏప్రిల్

వేసవికి పద్ధతి మార్చాను. బాగా మగ్గిన చక్కెరకేళి అరటిపండ్లను ఒలిచి, రెండేసి ముక్కలుగా కోసి, పుల్ల గుచ్చి, కాగితం మీద విడివిడిగా పరిచి, ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచాను. కోసిన ముఖం నల్లబడకుండా నిమ్మరసం రాసే అలవాటు ఉంది కానీ, ఇక్కడ అది తడిని పెంచుతుంది. కోసిన వెంటనే గడ్డకట్టిస్తే నలుపు పెద్దగా రాదు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు రెండు చెంచాల కొబ్బరి నూనె చేర్చి కరిగించి, పొడవాటి గాజు గ్లాసులో పోసి, అది గోరువెచ్చగా ఉండగా అరటి ముక్కను ముంచితే అర నిమిషంలోపే పూత బిగుసుకుంటుంది. ఇక్కడ టెంపరింగ్ అక్కరలేదు, ఎందుకంటే ఈ పూత ఎప్పుడూ గది వేడికి రాదు. ఫ్రీజర్ నుంచి నేరుగా నోట్లోకే వెళ్తుంది. స్వచ్ఛమైన చాక్లెట్ ఆ చలికి రాయిలా గట్టిపడి పెచ్చులుగా ఊడిపోతుంది. నూనె కలిసినది పలచగా ఉండి పంటికి సులువుగా విరుగుతుంది. పైన వేయించిన వేరుశనగ పలుకులు చల్లాలంటే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు ముంచుతుంటే మరొకరు చల్లాలి.

బంగినపల్లి మామిడి మొదటి కాయలు రాగానే వాటినీ ఇదే దారిలో ప్రయత్నించాను. గట్టిగా ఉన్న దోర పండును వేలెడు మందాన ముక్కలు కోసి గడ్డకట్టించి, సగం వరకే ముంచాను. గది వాతావరణంలో అసాధ్యమైనది ఫ్రీజర్ వల్ల సాధ్యమైంది. రుచిలో మాత్రం డార్క్ చాక్లెట్ మామిడిని అణచివేసింది. వైట్ చాక్లెట్‌లో ముంచి, పైన చిటికెడు కారం, ఉప్పు కలిపి అద్దినది చాలా బాగా కుదిరింది. మామిడికి ఉప్పుకారం అద్దడం మనకు కొత్తేమీ కాదు కదా.

పనస తొనలు వచ్చే నెలలో బాగా దొరుకుతాయి. గట్టి రకం తొనల పైభాగం సహజంగానే పొడిగా ఉంటుంది కాబట్టి గడ్డకట్టించకుండానే పూత నిలవవచ్చునని ఆశిస్తున్నాను. గింజ తీసిన ఖాళీలో బాదం పలుకు ఒకటి పెట్టి ముంచాలని ఉంది. నూనె కలపని చాక్లెట్ మిగిలినది 180 గ్రాములు ఉంది. దాన్ని కాగితం మీద పలచగా పరిచి గట్టిపరిచి, గాలి చొరబడని సీసాలో వేసి, మసాలా డబ్బాలకు దూరంగా అల్మారాలో కింది అరలో పెట్టాను, ఎందుకంటే కోకో బటర్ పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుంది. నూనె కలిపినది వేరే సీసాలో, పైన చీటీ అంటించి, ఫ్రిజ్‌లో ఉంది; ఈ రెండూ కలిసిపోతే విత్తన పద్ధతికి పనికిరావు.